పెడలు గట్టిగానే ఉంది

జీపు ఆగకపోవడంలో రెండు రకాలు ఉంటాయని నాకు ఆ తుఫాను వచ్చిన ఏడాదే తెలిసింది. కాలు నేలకంటా దిగిపోయి ఆగకపోవడం ఒకటి. కాలు రాతి మీద పెట్టినట్టు గట్టిగా నిలబడి కూడా బండి ఆగకపోవడం ఇంకొకటి. మొదటిదానికి ఎవరైనా భయపడి దిగిపోతారు. రెండోది మనిషికి ధైర్యం ఇచ్చి మరీ మోసం చేస్తుంది. మా అత్తని డయాలసిస్‌కి తీసుకెళ్ళాల్సిన రోజున మాకు ఎదురైంది ఆ రెండోదే.

మా ఊరు సముద్రానికి దగ్గర, తోటల మధ్యన ఉంటుంది. ఇటు కొబ్బరి, అటు జీడిమామిడి, కింద అంతా ఇసుక. మా ఆయనకి నౌపడ వైపు ఉప్పు మడుల నుంచి బస్తాలు రోడ్డుకి చేర్చే పని. ఆ గట్ల మీదకి లారీ రాదు, ఇసుకలోకి ఆటో రాదు. అందుకని నాలుగు చక్రాలూ లాగే పాత జీపు ఒకటి కొని, దాన్నే కన్నబిడ్డలా చూసుకునేవాడు. ఉప్పు తిని తిని దాని అడుగంతా చిల్లులు పడింది. హేండుబ్రేకు మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ అలంకారానికే. అయినా మా వీధికి అదే ఆంబులెన్సు, అదే పెళ్ళి బండి.

అత్తకి కిడ్నీలు పోయాయి. మా వైపు అది వింత జబ్బు కాదు, ఏ వీధికి వెళ్ళినా ఒకరిద్దరు ఉంటారు. వారానికి రెండుసార్లు టౌను ఆసుపత్రిలో మిషను మీద పెట్టి రక్తం కడుగుతారు. ఎవరి రోజు వాళ్ళది, ఎవరి పూట వాళ్ళది. దాన్ని టర్ను అంటారు. టర్ను తప్పితే ఒంట్లో నీరు ఒంట్లోనే నిలబడిపోతుంది. ముందు కాళ్ళలోకి వస్తుంది, తర్వాత మొహంలోకి, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లోకి. ఒక టర్ను తప్పినవాళ్ళని చూశాను. రెండు టర్నులు తప్పినవాళ్ళ గురించి మాత్రం విన్నాను, అంతే.

తుఫాను వచ్చిన రోజు అత్త టర్ను పోయింది. ఆ గాలికి మా తోటల్లో నిలబడ్డ చెట్ల కంటే పడిపోయిన చెట్లే ఎక్కువ. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఆంబులెన్సు హైవే దాకా వస్తుందట, అక్కడి నుంచి లోపలికి దారి లేదు. అత్త పడుకుంటే ఊపిరి అందక, గోడకి మూడు దిండ్లు వేసుకుని కూర్చునే నిద్రపోవడం మొదలుపెట్టింది. నిద్ర అని నేనంటున్నాను గానీ, ఆవిడ కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టుకునేది. దాహం వేస్తే తడిగుడ్డతో పెదాలు తుడిచేదాన్ని. గ్లాసు అడిగితే ఇవ్వలేను. ఇస్తే ఆ నీళ్ళు కూడా లోపలే ఉండిపోతాయి. ఎదుటి మనిషి దాహమంటుంటే నీళ్ళబిందె మీద మూత పెట్టి కూర్చోవడం ఎలా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుసు.

తర్వాతి టర్నుకి ఎలాగైనా తీసుకెళ్ళాలి. మిగిలింది జీపు ఒక్కటే. అది తుఫాను నీళ్ళలో చక్రాలు మునిగేదాకా నిలబడింది. నీళ్ళు తీశాక మా ఆయన స్టార్టు చేస్తే ఇంజను బాగానే పలికింది. కాలు పెడితే పెడలు మాత్రం నేలకంటా దిగిపోయింది.

ఆయన జీపు కిందికి దూరి ఒక్కో చక్రం లోపలివైపు చేత్తో తడిమాడు. వెనక ఎడమ చక్రం దగ్గర జిడ్డుగా తగిలింది. బ్రేకు ఆయిలు అక్కడి నుంచే కారిపోతోంది. ఉప్పునీటికి లోపలి సిలిండరు తుప్పు పట్టి రబ్బర్లు కొరుక్కుపోయాయన్నాడు. నరసన్నపేట నుంచి ఎప్పుడో తెచ్చి దాచిన రబ్బర్లు ఉన్నాయి. అదొక్కటే అదృష్టం. ఎలాగూ ఒకటి విప్పుతున్నాం కదా అని నాలుగు చక్రాలూ విప్పేశాడు. డ్రమ్ములూ, వాటి లోపల ఒరుసుకుని బండిని ఆపే అట్టలూ, అన్నింటినీ తుడిచి శుభ్రం చేసి వాకిట్లో గోనె పట్టా మీద ఎండలో పరిచాడు. అవి ఆరే లోపల, దారిలో పడ్డ మాన్లు కొయ్యడానికి వీధివాళ్ళతో కలిసి ఇద్దరం వెళ్ళాం. అత్త గోడకి ఆనుకుని వాకిలి చూస్తూ కూర్చుంది.

తిరిగొచ్చాక ఆయన అన్నీ బిగించాడు. పైపుల్లో గాలి తీయడానికి నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. ఆయన కింద నుంచి తొక్కమంటే తొక్కేదాన్ని, పట్టమంటే పట్టుకునేదాన్ని, ఒగ్గమంటే వదిలేదాన్ని. నాలుగు చక్రాలూ అయ్యేసరికి నా పిక్క రాయిలా బిగుసుకుపోయింది, కాలి కింద పెడలు కూడా అలాగే బిగిసింది. ఆయన లేచి మట్టి దులుపుకుని, తనూ ఒకసారి తొక్కి చూసి నవ్వాడు. తుఫాను తర్వాత ఆ ఇంట్లో నవ్వు మొహం చూడటం అదే మొదలు. వాకిట్లో అడుగు నేల కూడా ఖాళీ లేక, అన్నీ కొట్టుకొచ్చిన దుంగలే కావడంతో బండిని నడిపి చూడలేదు. పెడలు అంత గట్టిగా ఉన్నాక అనుమానం ఎందుకు వస్తుంది.

మర్నాడు పొద్దున్నే దుంగలు పక్కకి దొర్లించి, అత్తని ఇద్దరం ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాం. వెనక నుంచి నేను ఆవిడ భుజాలు పట్టుకున్నాను. తోట దాటాక పాత వరద గండి దగ్గర దారి కిందికి దిగుతుంది. ఆయన బ్రేకు మీద కాలు పెట్టాడు. జీపు అదే ఊపులో పోయింది. ఆయన సీట్లోంచి లేచి నిలబడినంత బలంగా తొక్కడం నేను చూశాను. పెడలు అంగుళం కూడా కదలడం లేదు, జీపు మాత్రం దిగుతూనే ఉంది. అడుగున ఇసుక మేట ఉండబట్టి చక్రాలు కూరుకుని దానంతటదే ఆగింది. ఆ ఇసుక లేకపోతే గండి పక్కనున్న కాలవలో పడేవాళ్ళం.

అత్త ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది, గిన్నెలో నీళ్ళు మరుగుతున్నట్టు. ఆయన దిగి ఆయిలు డబ్బా చూశాడు, నిండుగా ఉంది. చక్రాల లోపలివైపు తడిమాడు, పొడిగా ఉన్నాయి. మళ్ళీ గాలి చేరిందేమో అనుకుందామంటే, గాలి ఉంటే పెడలు మెత్తగా ఉండాలి. చెయ్యాల్సినవన్నీ చేశాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి, బండి మాత్రం ఆగడం లేదు. అప్పుడు ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

ఇసుక దారి పొడుగునా చిన్న గేరులో పోతే ఎలాగో ఆగుతుంది. తారురోడ్డు ఎక్కాక లారీల మధ్య ఆగదు. ఇసుక దారి తారురోడ్డులో కలిసే చోట మా ఆయనకి ఎరికైన మెకానిక్ షెడ్డు ఉంది. అక్కడిదాకా నడిచే మనిషి కంటే నెమ్మదిగా పోయాం.

షెడ్డు ముందు మామిడాకుల తోరణం కట్టి ఉంది. తుఫానుకి రేకులు లేచిపోయిన షెడ్డుకి తోరణం ఏమిటా అనుకున్నాను. మాది బాప్టిస్టు సంఘం, అందుకే ఆ రోజు ఆయుధపూజ అన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. లోపల పీట మీద స్పానర్లు, సుత్తులు, జాకీ, అన్నింటికీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూలు వేసి వరసగా పేర్చి ఉన్నాయి. మెకానిక్ స్నానం చేసి తెల్ల పంచెలో ఉన్నాడు. ఆ మనిషిని మసి లేకుండా చూడటం నాకదే మొదటిసారి.

మా ఆయన సంగతంతా చెప్పాడు. మెకానిక్ జీపు చుట్టూ ఒకసారి తిరిగి, అత్తని చూసి తలదించుకున్నాడు. పూజలో పెట్టిన పనిముట్టు రేపటిదాకా కదపకూడదని, వాళ్ళ నాన్న కాలం నుంచీ ఎప్పుడూ కదపలేదని అన్నాడు. తుఫాను ఇంత చేశాక ఇంకా ఏం చెడుతుందిలే అని మా ఆయన అంటే, మిగిలిన కాస్తా చెడకూడదనే భయమన్నాడు. అందులో అబద్ధం లేదు. నాకు కోపం వచ్చింది గానీ, తప్పు పట్టలేకపోయాను. మా సంఘంలో ఆదివారం పూట పార పట్టని ముసలాళ్ళు ఎంతమంది లేరు.

ఆంబులెన్సుని పిలవడానికి ఫోను లేదు, అత్తని లారీ ఎక్కించే స్థితీ కాదు. నేను జీపు పక్కన నేల మీద కూలబడ్డాను. ఏడవాలన్నా అత్త చూస్తుందని ఏడవలేదు.

అప్పుడు మెకానిక్ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని మా ఆయన దగ్గరికి వచ్చాడు. "బావా, నీ కాడ స్పానర్లు ఉన్నాయి గదా. మీ దేవుడు ఏటీ అనడు, నువ్వు పట్టు. నాను నోటితో సెప్తాను. నోటికి పూజ సెయ్యనేదు."

అలా మొదలైంది. మెకానిక్ చేతులు వెనకే ఉన్నాయి, మాట మాత్రం ముందుకు వచ్చింది. పెడలు మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని అడిగాడు. గట్టిగా ఉంది. తొక్కితే బండి పక్కకి లాగుతోందా. లేదు, తిన్నగానే పోతోంది. తొక్కినప్పుడు కీచుమన్నా, గరుమన్నా శబ్దం ఉందా. ఏమీ లేదు. ఏమీ లేదనేసరికి మెకానిక్ ఆగాడు. తడిసిన బ్రేకైనా రెండుసార్లు తొక్కేసరికి ఆరి పట్టుకుంటుందట. శబ్దమే లేదంటే లోపల అట్ట డ్రమ్ముని ఒరుసుకోవడం లేదు, జారిపోతోంది. ఆయిలు పైపుల సంగతి వదిలేసి ఒక చక్రం ఊడదీయమన్నాడు.

మా ఆయన డ్రమ్ము ఊడదీశాడు. మెకానిక్ వంగి, చెయ్యి పెట్టకుండా ముక్కు పెట్టి వాసన చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, నువ్వు చూడమన్నాడు. లోపల వేలు పెడితే నున్నగా జారింది. వాసన చూసుకున్నాను. కొబ్బరి నూనె.

ఆ రోజుల్లో మా ఊరంతా కొబ్బరి వాసనే. పడిన కాయలు పగిలి, పులిసి, ఎక్కడ చూసినా అదే. మా చేతులకీ బట్టలకీ అదే. అందుకే బిగించేటప్పుడు మా ఆయనకి వేరే వాసన అనిపించలేదు.

"నానే రాసినాను," అంది అత్త సీట్లోంచి. మాట మాటకీ మధ్యన ఊపిరి తీసుకుంటోంది. "మీరు మాను కొయ్యడానికి ఎల్లినారు. ఇనుము ఎండలో మెరిసిపోతన్నాది. సాయంత్రం గాలికి సిలుం పట్టేస్తాదని, పీట మీద జరుక్కుంటా అన్నిటికీ రాసినాను. రాసి పాతగుడ్డతో తుడిసినాను గూడా."

మాకు అర్థం కానిది ఏమీ లేదు. మా వైపు ప్రతి ఇంట్లోనూ చేసే పనే. సముద్రపు గాలి తిరిగే రోజుల్లో కత్తిపీట, కొడవలి, గునపం, కొబ్బరి ఒలిచే ఇనుప మొన, తలుపు బందులు, ఇనుము అన్న ప్రతిదానికీ నూనె గుడ్డ పెట్టందే ఆడవాళ్ళు దీపం పెట్టరు. జబ్బు చేశాక అత్త చేత మేం ఏ పనీ చేయనిచ్చేవాళ్ళం కాదు. ఊపిరి ఆడని మనిషి పీట మీద జరుక్కుంటూ నాలుగు చక్రాల ఇనుముకీ నూనె రాసిందంటే, అది కొడుకుకి తను చేయగలిగిన సాయం.

మా ఆయన డ్రమ్ము ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. అత్త ఆయన మొహం చూసింది.

"ఒరే, ఇంటికి తోలీరా. నా సేత్తో నానే సేసుకున్నాను. ఇంక సాల్లే."

ఆవిడ అడిగింది ఇంటికి తీసుకెళ్ళమని కాదు, వదిలేయమని. అది మాకు ముగ్గురికీ తెలిసింది. ఆ ఒక్క క్షణం ఆయన కూడా వదిలేస్తాడేమోనని నాకు భయం వేసింది, ఎందుకంటే నాకే అలా అనిపించింది.

అప్పుడు మెకానిక్ అందుకున్నాడు. "అత్తా, ఇన్నేళ్ళు నా సెడ్డులో ఎవడూ నా ఇనుముకి ఇంత బాగా నూనె రాయనేదు. నయమైనాక వచ్చి నా కాడ పనిలో సేరిపో." అత్త నవ్వబోయి దగ్గింది. మా ఆయన లేచాడు.

మిగిలిన చక్రాలు కూడా ఆయనే ఊడదీశాడు. నేను షెడ్డు వెనక బోరింగు దగ్గర బట్టల సబ్బుతో, ఇసుకతో డ్రమ్ములు తోమాను. మసిగిన్నెలు తోమిన చెయ్యి నాది, నూనె ఎంత మొండిదో తెలుసు. జారుడు పోయి చెయ్యి కిర్రుమనేదాకా తోమాను. అట్టలు మాత్రం నూనె పీల్చుకున్నాయి. తోమితే పోదు, కాల్చాలన్నాడు మెకానిక్. వాళ్ళావిడ దసరా బూరెలు వేయడానికి పొయ్యి రాజేసి ఉంది. మూకుడు దించేసి పొయ్యి మాకు ఇచ్చింది. ఒక్కో అట్టనీ నిప్పుల మీద పట్టుకుంటే లోపలి నూనె బుడగలు బుడగలుగా పైకొచ్చి పొగయ్యింది. పొగ ఆగాక ఉప్పుకాగితం పెట్టి రుద్దాలి. ఆ ఉప్పుకాగితం కూడా పూజలోదేమోనని మా ఆయన అడిగితే, అది పనిముట్టు కాదు సరుకు అని మెకానిక్ తానే అల్మారాలోంచి తీసిచ్చాడు. ఆ పూట అతని చెయ్యి ముందుకు రావడం అదొక్కసారే.

ఎండ నడినెత్తికి వచ్చింది. అత్త టర్ను పొద్దుటిది, అది అయిపోయే వేళయింది. అత్త పెదాలు నల్లబడ్డాయి. నేను అట్ట రుద్దుతూ ఒక కంట ఆవిడ ఛాతీనే చూస్తున్నాను. అది లేచిన ప్రతిసారీ ఇంకొకసారి లేస్తుందా అని ఎదురుచూడటం తప్ప ఆ గంటలో నాకు వేరే ఆలోచన లేదు.

బిగించాక షెడ్డు ముందు నడిపి చూశారు. ఆగింది. కొంచెం ఎడమకి లాగుతోంది గానీ ఆగింది. లారీల వెనక దూరంగా ఉంటూ, ముందే గేరు తగ్గించుకుంటూ టౌను చేరాం. ప్రతి బ్రేకుకీ నా కాలు కూడా వెనక సీట్లో నేలని తొక్కింది.

డయాలసిస్ గది దగ్గర నర్సమ్మ మమ్మల్ని చూస్తూనే ఇంత ఆలస్యమేమిటంది. పొద్దుటి వాళ్ళవి అయిపోయాయి, మధ్యాహ్నం వాళ్ళని ఎక్కించేశారు. మా ఆయన గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ అత్తని తేరిపార చూసి, లోపలికి వెళ్ళి, తిరిగొచ్చి చెప్పింది. మధ్యాహ్నం మనిషి ఒకతను రాలేదు. ఆ మంచం ఖాళీగా ఉంది. తీసుకురండి.

అత్త చేతికి గొట్టాలు తగిలించి, మిషను తిరగడం మొదలయ్యాక నేను వరండాలోకి వచ్చి నేల మీద పడుకున్నాను. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. చెబుతూ చెబుతుండగా తట్టింది, నేను దేని గురించి స్తోత్రం చెబుతున్నానో. ఆ మంచం ఎందుకు ఖాళీగా ఉంది. లేచి వెళ్ళి నర్సమ్మని అడిగాను. ఉప్పు మడులకి అవతల ఊరి మనిషట, వయసు పెద్దగా లేదట, పోయిన టర్ను కూడా తప్పిందట. ఫోను తగలడం లేదు. ఆ ఊరి దారి నాకు తెలుసు. మా కంటే అధ్వాన్నం.

మా ఆయనకి చెప్పాను. ఆయన జీపు వైపు చూశాడు. ఎడమకి లాగుతున్న బ్రేకు, సగం కాలిన అట్టలు, మళ్ళీ ఆ గట్లు. నేనూ వెళ్ళమని అనలేదు. తల్లి మిషను మీద ఉంటే కొడుకుని ఆ దారిలోకి తోలే హక్కు నాకు లేదనుకున్నాను. ఆయన తాళం తీసుకుని వెళ్ళిపోయాడు.

మిషను తిరిగినంతసేపూ నేను గేటు వైపే చూశాను. అత్త నిద్రపోయింది, ఈసారి నిజంగా నిద్రే. లేచి వాడేడని అడిగితే చెప్పాను. పైన తిరిగే ఫ్యాను చూస్తూ పడుకుంది. పొద్దు వాలుతుండగా జీపు గేట్లోకి వచ్చింది, ఎడమ చక్రం మెట్టుకి తగిలి ఆగింది. వెనక ఒక మనిషి భార్య ఒళ్ళో తలపెట్టి ఉన్నాడు. ఊరివాళ్ళు మంచం మీద మోసుకుని గట్టు దాకా తెచ్చి, ఆపైన దారి లేక అక్కడే కూర్చున్నారట. ఇంకాసేపైతే వెనక్కి తిప్పేసేవాళ్ళట.

అన్ని మంచాల మీదా మనుషులున్నారు. అత్తకి ఇంకా గంటకి తక్కువ మిగిలి ఉంది. అది అయ్యేదాకా ఆగాలంది నర్సమ్మ. ఆ మనిషి ఊపిరి వరండాలోంచి గదిలోకి వినిపిస్తోంది. ఆ చప్పుడు ఏమిటో ఆ గదిలో అత్త కంటే బాగా ఎవరికీ తెలియదు.

"నాది తీసీయమ్మా," అంది.

మా ఆయన వద్దన్నాడు. పోయిన టర్నూ లేదు, ఇది కూడా మధ్యలో ఆపేస్తే మళ్ళీ నీరు చేరుతుందన్నాడు. గొంతు పైకి లేచింది, తల్లి మీద ఆయన గొంతు లేవడం ఆ రోజంతా అదే మొదటిసారి.

"ఇది ఆడి మంచమే గదరా," అంది అత్త. "నానేటి ఇస్తన్నాను. ఆడిదే ఆడికి."

నర్సమ్మ డాక్టరుగారిని అడిగి వచ్చి గొట్టాలు తీసింది. అత్త నా భుజం మీద చెయ్యేసి నడిచింది. పొద్దున్న ఎత్తుకొచ్చిన మనిషి నడిచి బయటికి వచ్చింది గానీ, మొహం ఉబ్బు పూర్తిగా తగ్గలేదు. మిగిలిన నీరు మాతోపాటు ఇంటికి వస్తోందని నాకు తెలుసు, మళ్ళీ టర్ను దాకా ఎలా లాగాలో తెలియదు. గుమ్మంలో ఆ మనిషి భార్య ఎదురైంది. ఒకరినొకరు చూసుకున్నాం.

జీపులో కూర్చున్నాక మా ఆయన తాళం తిప్పబోతే అత్త ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ అబ్బిని ఎక్కించారో లేదో చూసి రమ్మని నన్ను పంపింది. వెళ్ళి కిటికీలోంచి చూశాను. చేతికి గొట్టాలు పెట్టారు, మిషను తిరుగుతోంది. వచ్చి చెప్పాను.

"అయితే తోలు," అంది.